మామిడికి పోసిన మందు

కరోనా లాక్‌డౌన్‌లు ముగిసిన మరుసటి ఏడు జరిగిన సంగతి ఇది. తుడియలూరులోని ఒక చిన్న ల్యాబ్‌లో నేను రైజోబియం కల్చర్ తయారుచేస్తున్నాను. పప్పుజాతి మొక్కల వేళ్లకు బుడిపెలు కట్టించే బ్యాక్టీరియాను పెంచి, బొగ్గుపొడిలో కలిపి ప్యాకెట్లు కడతాం. రైతులు ఆ పొడిని గంజిలో కలిపి విత్తనాలకు పట్టించి, నీడలో ఆరబెట్టి విత్తుతారు. బుడిపెల్లో చేరిన బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. ఫిర్యాదు వస్తే పొలానికి వెళ్లి చూడడమూ నా పనే.

పెరియకుళం నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. పేరు రెంగనాయకి. తమిళంలో మొదలుపెట్టి, మాది కూడా తెలుగు ఇల్లేనని తెలిశాక ఇంటి భాషలోకి వచ్చేసింది.

"మీ పొడి కలిపి రెండు తూరి అలసంద ఏసినాను పాపా. జానెడు కూడా లేవలేదు. పెరికి చూస్తే వేరుకు బుడిపే లేదు. చచ్చిన పొడి అమ్మినారా?"

ఆ బ్యాచ్ ప్యాకెట్లు మళ్లీ పరీక్షించాను. బ్యాక్టీరియా బతికే ఉంది. బస్సెక్కి వెళ్లాను.

రెంగనాయకికి యాభై దాటాయి. ఆండిపట్టిలో కాపురం చేసి, భర్త పోయాక పుట్టింటికి వచ్చింది. మామిడితోపు అన్న అళగిరిసామిది. చెట్ల నడుమ నేలలో పంట వేసుకునే హక్కు చెల్లెలిదని తండ్రి పోయేముందు చెప్పాడట. ఇప్పుడు రెండు పంటలు పోయేసరికి తోపంతా కాంట్రాక్టుకు ఇచ్చేస్తానంటున్నాడు అన్న.

"దానికి చెయ్యి మంచిది కాదు మేడం," అన్నాడాయన, చెల్లెలి ఎదుటే. "పని చెయ్యకుండా ఇంట్లో సుమ్మా కూర్చుని అన్నం తినమన్నాను. వినదు."

రెంగనాయకి నా పక్కకు వచ్చి గొంతు తగ్గించింది. "సుమ్మా కూర్చుంటే ఆ ఇంట్లో నేను ఎవరు పాపా?"

నేను మొక్కల దగ్గర కూర్చున్నాను. బుడిపెలు లేని అలసంద నత్రజని అందక పసుపు రంగుకు తిరగాలి. ఇవి మాత్రం పొట్టిగా, గుబురుగా, ముదురు ఆకుపచ్చగా ఉన్నాయి. ఎవరో పైనుంచి అదిమిపెట్టినట్టు కణుపులు దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఆకలితో ఉన్న మొక్క ఇలా ఉండదు.

"మామిడికి ఏమైనా పోసినారా?" అని అడిగాను.

"పూత ముందే వచ్చేదానికి మరుందు పోసినాను. చెట్టు మరుందుకీ దీని పయిరుకీ ఏమి సంబంధం?" అన్నాడు అళగిరిసామి. డబ్బా తెచ్చి చూపించాడు. పాక్లోబ్యుట్రజాల్. అది మొక్కలో జిబ్బరెలిన్ అనే హార్మోను తయారు కాకుండా ఆపుతుంది. దాంతో కొమ్మల పెరుగుదల తగ్గి చెట్టు పూతకు వస్తుంది. ఆయన డబ్బా మీద రాసిన దానికన్నా ఎక్కువే పోశాడు. పాదుల్లో పెట్టిన నీళ్లు పొంగి, ఆ మందుతో సహా అలసంద సాళ్లలోకి వస్తున్నాయి.

వేరుకు బుడిపె కట్టాలా వద్దా అని తేల్చేది బ్యాక్టీరియా ఒక్కటే కాదు. అది వేరును తాకగానే మొక్కలో సైటోకైనిన్ అనే మరో హార్మోను పెరిగి, కణాలు విభజన చెంది బుడిపె మొదలవుతుంది. బుడిపెలు మితి మీరకుండా ఎథిలీన్ అనే ఇంకో హార్మోను అడ్డుకుంటుంది. జిబ్బరెలిన్ తగుమాత్రంగా ఉండాలి. ఎక్కువైనా బుడిపెలు రావు, మరీ తక్కువైనా సరిగా కట్టవు.

ఇదంతా చెప్పినా ఆయన నమ్మడని ముఖం చూస్తేనే తెలిసింది. చెట్ల నడుమ మట్టి కొంత, మందు పోయని కాలువ గట్టు మట్టి కొంత మూట కట్టుకుని వచ్చాను. ఒకే విత్తనం, ఒకే ప్యాకెట్ పొడితో కుండీల్లో వేశాను. తోపు మట్టి కుండీల్లో కొన్నింటికి జిబ్బరెలిన్ కూడా పలచగా చల్లాను.

మొక్కలు ఎదిగాక కుండీలు వ్యాన్‌లో వేసుకుని పెరియకుళం వెళ్లాను. అన్నాచెల్లెళ్ల ముందు బకెట్ నీళ్లలో మొక్కల వేళ్లు కడిగాను. గట్టు మట్టి మొక్కకు బుడిపెలు గుత్తులుగా ఉన్నాయి. తోపు మట్టి మొక్కకు అక్కడొకటి ఇక్కడొకటి, ఆవగింజంత. అదే మట్టిలో జిబ్బరెలిన్ చల్లినది కాడ సాగి, దానికన్నా కాస్త ఎక్కువ బుడిపెలు కట్టింది.

అళగిరిసామి మూడింటినీ తీసుకుని పక్కపక్కన పెట్టి చూశాడు. "తెలియక చేసినాను," అన్నాడు చివరికి.

"తెలిసి చేసినావని ఎవరు చెప్పినారన్నా?" అంది రెంగనాయకి. "నా చెయ్యి మంచిది కాదని ఊరంతా చెప్పినావే, దానికి ఏమి చెప్తావు?"

ఆయన మొక్కలను బకెట్ పక్కన పెట్టాడు. నేను చేతులకంటిన మట్టి తుడుచుకున్నాను.

ఆ మందు మట్టిలోంచి ఎప్పటికి పోతుందో నేను కచ్చితంగా చెప్పలేకపోయాను. తోపును కాంట్రాక్టుకు ఇచ్చే మాట అళగిరిసామి మళ్లీ ఎత్తలేదు. కాలువ గట్టు వెంబడి నేలను తనే దున్నించి చెల్లెలికి ఇచ్చాడని ఆవిడే ఫోన్‌లో చెప్పింది. "క్షమించమని మాత్రం నోటితో అనలేదు పాపా. ట్రాక్టర్ తెచ్చినాడు, సరి." తర్వాతి పంట బాగా వచ్చింది.

అంతకుముందు ఫిర్యాదు వస్తే, ఈ పంటకు ఏం వేశారని అడిగేదాన్ని. ఆ తర్వాత నుంచి, ఈ నేలలో ఇంకెవరి పంటకు ఏం పోశారని కూడా అడుగుతున్నాను. పక్క చెట్టుకు పోసింది ఎవరూ తమంతట తాము చెప్పరు. దాచాలని కాదు, అది వేరే వాళ్ల పంట సంగతి అనుకుంటారు. వేరుకు ఆ తేడా తెలియదు.