అత్త చేసిన ఉపవాసాలు

మా అత్త పోయింది. బిలాస్‌పూర్ నుంచి మావయ్య ఫోన్ చేసి, "మీ అత్తకి ఊపిరి అందనేదమ్మా. అయిపోయింది," అన్నారు.

అత్త మా నాన్నకు చెల్లెలు. మావయ్యది రైల్వే షెడ్‌లో ఉద్యోగం. డిగ్రీ చదివిన రోజుల్లో నేను వాళ్ల క్వార్టర్‌లోనే ఉన్నాను. వాళ్లకి ఒక్కతే కూతురు, అప్పటికి చిన్నపిల్ల. ఆవిడ గురించి చెప్పాలంటే ముందు తిండి గురించే చెప్పాలి. మావయ్య డ్యూటీ నుంచి ఏ వేళకి వచ్చినా వేడన్నం ఉండేది. నేను దేనికైనా విసుక్కుంటే, "ఆకలేస్తే అలాగే కోపమొస్తాది. ముందు తినీ, తర్వాత తిడుదువుగాని," అనేది. ఆ ఊళ్లో నాకు ఏ లోటూ తెలియలేదంటే అది ఆవిడ చలవే.

అలాంటి మనిషికి ఉన్నట్టుండి కడుపునొప్పి వచ్చేది. దిండు పొట్టకు అదుముకుని మెలికలు తిరిగిపోయేది. నిద్ర ఉండేది కాదు. గదిలో ఎవరో నిలబడ్డారని భయపడేది. ఒకరోజు నన్ను బాత్రూం దగ్గరికి పిలిచి, "ఏటే ఇది, టీ డికాక్షన్‌లాగ?" అంది. మూత్రం ఆ రంగులో ఉంది. మావయ్య డాక్టరుకు చెబితే ఇన్‌ఫెక్షన్ అని మాత్రలు రాశాడు. అవి వేసుకుంటే నొప్పి రెట్టింపైంది. ఇంకోచోట అపెండిక్స్ అని కోసి తీసేశారు. నొప్పి మాత్రం తిరిగొచ్చింది. చివరికి మనోవ్యాధి అన్నారు. చుట్టాలు నాటకం అన్నారు.

ఇక అత్త దేవుణ్ణే నమ్ముకుంది. శనివారం ఉపవాసం మొదలుపెట్టింది. నొప్పి ఎక్కువైతే సోమవారం కూడా కలిపింది. మరీ ఎక్కువైతే మంచినీళ్లు కూడా మానేసేది.

పోయిన ఏడాది రాయపూర్‌లో ఒక డాక్టరమ్మ ఆ మూత్రమే పరీక్ష చేయించి జబ్బు పేరు చెప్పింది. పార్ఫీరియా. తల్లిదండ్రుల నుంచి వచ్చేదట. కొన్ని మందులు పడవట. అన్నిటికంటే ముఖ్యం, పస్తులు ఉండకూడదట, ఉంటే జబ్బు ముదురుతుందట.

"అచ్ఛా... మరి ఇన్నేళ్లూ నేనేటి చేసినట్టు?" అంది అత్త.

అప్పటికే కాళ్లు నిలవడం లేదు. తర్వాత చేతులు లేవలేదు. దెబ్బతిన్న నరాలు కోలుకోవడం కష్టమన్నారు. ఎక్కడా దొరకని ఆ జబ్బు మందు కోసం మావయ్య తిరగని చోటు లేదు. అది వచ్చేలోపే ఊపిరి తీసుకునే బలం కూడా పోయింది. ఈలోగా కూతురికి పరీక్ష చేయిస్తే అదే జబ్బు. తనకీ కడుపునొప్పి అప్పటికే మొదలైంది.

నేను వెళ్లేసరికి అత్తను ముందుగదిలో పడుకోబెట్టారు. పొయ్యి వెలిగించలేదు. మావయ్య పక్క క్వార్టర్ నుంచి పెరుగన్నం తెచ్చి కూతురి ముందు పెట్టారు.

"ఏటి బాబూ ఇది, తల్లి శవం ఇంట్లో ఉండగా?" అంది ఒక పెద్దావిడ.

"దాన్ని ఆకలితో ఉంచకూడదన్నారు," అని మావయ్య కూతురి వైపు తిరిగి, "తినమ్మా," అన్నారు.

అందరూ చూస్తుండగా ఆ పిల్ల తల్లి పక్కనే కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకుంది. మింగలేక, ఉమ్మలేక, కళ్లు గట్టిగా మూసుకుని దాన్నే నములుతూ ఉండిపోయింది.