మొదటి గొంతు, రెండో గొంతు

మా ముగ్గురికీ ఒక పిచ్చి. బయట చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పుకోలేదు. మా నాన్నల కాలం నాటి ఒక విదేశీ హార్డ్ రాక్ బ్యాండు పాటలంటే మాకు ప్రాణం. ఆ బ్యాండులో మొదట ఒకడు పాడేవాడు. అతను మానుకున్నాక ఇంకొకడు వచ్చాడు. మొదటివాడి కాలం గొప్పదా, రెండోవాడి కాలం గొప్పదా అనేదే మా తగాదా. ఆదోనిలో ఒక సెల్‌ఫోన్ రిపేరు అంగట్లో ఆదివారం ఆదివారం ఏళ్ల తరబడి నడిచింది. ఆ తగాదాలో నేను గెలిచాను. గెలిచి ఒక మనిషి నోటికాడి కూడు పడగొట్టాను.

నేను ఎమ్మిగనూరులో బడిపంతులును. మా వాళ్ళు మంత్రాలయం వైపు గుడి సేవలో బతికినవాళ్ళు. ఇంట్లో ఇలాంటి పాట పెడితే మా అమ్మ ముందు కిటికీలు మూసి తర్వాత నన్ను తిట్టేది. ఈ పిచ్చి నాకు అంటించింది అన్న. తోడబుట్టిన అన్న కాదు, ఆదోని కాలేజీ హాస్టల్లో నాకంటే రెండేళ్ళు పెద్ద. ఆస్పరి దగ్గర కూలి చేసుకునే క్రైస్తవుల బిడ్డ. బెంగుళూరు ఫుట్‌పాత్ మీద కొన్న క్యాసెట్టు ఒకటి తెచ్చి, "సామీ, ఇది ఇను. ఇన్నంక మీ ఇంట్లో నిన్ను రానీరు" అన్నాడు. విన్నాను. ఇంట్లోకైతే రానిచ్చారు గానీ అంతకు ముందులా చూడలేదు.

అన్న చదువు మధ్యలో ఆపి ఆదోనిలోనే పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా చేరాడు. గింజల నుంచి పత్తిని వేరుచేసే ఆ యంత్రాల మధ్య ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన యంత్రానికి, పిడి తన చెవికి ఆనించి, ఏ బేరింగు ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పేవాడు. బేరింగు కాలితే పత్తికి నిప్పంటుకుంటుంది. అందుకే మిల్లువాళ్ళు ఆయన్ను వదులుకోలేదు. వాళ్ళకు కావలసింది ఆయన చెవి.

తగాదాలో అన్న మొదటివాడి పక్షం, నేను రెండోవాడి పక్షం. "మావోడు పాడ్తాంటే కడుపులోనుంచి వచ్చినట్టుంటాది సామీ. నీవోడు గొంతుతో అరుస్తాడు, అంతే" అనేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, ఇద్దరిదీ అదే వరస. మాలో మూడోవాడు అంగడి యజమాని. ఆయనకు ఏ కాలమైనా ఒకటే, మేం కొట్టుకుంటే చూడటం ఇష్టం. మాటల్లో తేలకపోతే పరీక్ష పెట్టేవాడు. తన ఫోనులో ఏదో ఒక పాట వేస్తాడు. గొంతు రాకముందే గిటారు, డ్రమ్ములు విని అది ఏ కాలపుదో చెప్పాలి. అన్న మొదటి దెబ్బకే చెప్పేవాడు, ఏ ఏటి రికార్డో కూడా చెప్పేవాడు. నేను పదికి నాలుగు తప్పేవాణ్ణి. ఒకరికి మార్కులు వేసి బతికేవాడికి తనకు మార్కులు తక్కువైతే కడుపుమంట ఆగదు. నాకూ ఆగలేదు.

ఈ మధ్య రెండేళ్ళుగా అన్న పరీక్షకు ఒప్పుకోవడం మానేశాడు. ఒక వారం తలనొప్పి, ఇంకో వారం "సిన్నపిల్లోల ఆట, వద్దులేప్పా." వాదన మాత్రం ఇంకా పెరిగింది. గుక్క తిప్పుకోకుండా తనే మాట్లాడేవాడు, మమ్మల్ని నోరు తెరవనిచ్చేవాడు కాదు. రెండోవాడి పాట వేస్తే చేయి ఊపేసేవాడు. "వానికి గొంతే లేదు సామీ. డ్రమ్ములు తప్ప ఏమీ ఇనపడవు" అనేవాడు. అది వాదన అనుకున్నాను. వట్టి మొండితనం అనుకున్నాను. చెవిటివాని ముందు శంఖం ఊదినట్టుందని అందరిలో ఎగతాళి కూడా చేశాను. తలచుకుంటే నా నాలుక మీద నాకే అసహ్యం వేస్తుంది.

పోయిన పత్తి సీజనులో ఒక ఆదివారం, ఆదోనికి బస్సులో వస్తూ నేనొక పథకం వేసుకున్నాను. మొదటివాడు పాడిన పాటల్లో ఒకటుంది, అరుపులు లేకుండా, సన్నని గిటారు మీద గొణిగినట్టు సాగుతుంది. అన్నకు అన్నిటికంటే ఇష్టమైన పాట అది. హాస్టల్లో అది విని కళ్ళు తుడుచుకున్నాడు. దాన్నే రెండోవాడి కొత్త పాట అని చెప్పి వేస్తే? పట్టేసి నన్ను నాలుగు తిడతాడు. లేదా వినకుండానే చెత్త అంటాడు, అప్పుడు ఆయన వాదనంతా వట్టి పక్షపాతమని తేలిపోతుంది.

అంగట్లో ఆ రోజు ముగ్గురు గిరాకీలున్నారు. వాళ్ళలో ఒకాయన అన్న పనిచేసే మిల్లు సూపర్‌వైజరు, పగిలిన ఫోను అద్దం మార్పించుకోవడానికి వచ్చాడు. నేను అన్నకు ఎదురుగా నిలబడి, "రెండోవాడి కొత్త పాట, విని చెప్పు" అని స్పీకరు పెట్టాను. గిటారు మొదలైంది. మొదటివాడి గొంతూ వచ్చింది. అన్న స్పీకరు వైపే చూస్తూ రెండు నిమిషాలు తల ఊపాడు.

"థూ. ఇది ఒగ పాటేనా సామీ? వీడు మావోని కాలిగోటికి సాలడు" అన్నాడు.

ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆయన 'మావోడు' స్పీకరులో పాడుతూనే ఉన్నాడు. అంగడి యజమాని పగలబడి నవ్వాడు. నేను బల్ల చరిచి, గిరాకీల వైపు తిరిగి సంగతి చెప్పి వాళ్ళనూ నవ్వించాను. అన్న మా ముఖాలు ఒక్కొక్కటే చూసి, తర్వాత తనూ నవ్వాడు. సూపర్‌వైజరు మాత్రం నవ్వు ఆపి, అన్న వెనక్కి పోయి పేరు పెట్టి పిలిచాడు. రెండుసార్లు పిలిచాడు. అన్న తిరగలేదు. అది నేను కళ్ళారా చూశాను. గెలుపు మత్తులో పట్టించుకోలేదు.

రెండు వారాలకు అంగడి యజమాని ఫోను చేశాడు. "అన్నను మిల్లులో తీసేసినారంటప్పా. సెవులు పనిసెయ్యవంట."

ఆ సాయంత్రమే వాళ్ళింటికి పోయాను. వదిన గుమ్మంలో కూర్చుని గిన్నెలు సంచిలో సర్దుతోంది. ఆమెది కోసిగి. పుట్టింటివాళ్ళు ఏటా గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. ఈ ఏడు వీళ్ళూ వాళ్ళ వెంట పోతున్నారు. అన్ని యంత్రాలను చూసుకున్న ఫిట్టరు మిరపచేలో కూలికి వంగబోతున్నాడు.

"నాలుగేండ్లాయె సామీ, సెవులు మందగిచ్చబట్టి. రెండేండ్ల నుంచి బొత్తిగా పోయినాయి," అంది. "స్క్రూడ్రైవరు సెవికి పెట్టుకునేది ఉత్తదే. సేతి ఏళ్ళు ఆనిచ్చి అదురు సూసి సెప్తాండె. ఎట్లో నెట్టుకొస్తాండె. అంగట్లో ఎవురో పాట పెట్టినారంట, ఆపొద్దు దొరికిపోయినాడు."

ఎవరు పెట్టారో ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు.

లోపల అన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. "దా సామీ" అని ఎదురుగా కుర్చీ జరిపాడు. నాకు ఎందుకు చెప్పలేదని నెమ్మదిగా, పెదవులు బాగా కదిపి అడిగాను.

"సెప్తే నువ్వు నాతో కొట్లాడేది మానేస్తావు. పాపం అంటావు. వారానికి ఒగ పొద్దే గదప్పా నాకు," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయన ముందు ఏడవడానికి కూడా నాకు హక్కు లేదనిపించింది.

మళ్ళీ ఆయనే అడిగాడు. "ఆపొద్దు నువ్వు పెట్టిండేది నిజంగా రెండోవానిదేనా?"

నిజం చెబితే, తనకు ప్రాణమైన పాట మీద తనే ఉమ్మేశాడని ఆయనకు తెలుస్తుంది. ఇంక ఆ పాట తలలో కూడా మిగలదు.

"రెండోవాడిదే అన్నా. నువ్వన్నదే నిజం, చెత్త పాట," అన్నాను.

అన్న తల ఊపాడు. ముఖంలో కోపం లేదు.

"మరి అందురూ ఎందుకు నగినారు?" అని అడిగి, నా పెదవుల వైపే చూస్తూ కూర్చున్నాడు.