ఏడో భుజం

పరశురాములు సంతాప సభలో మాట్లాడినవాళ్ళంతా వాణ్ణి దేవుణ్ణి చేసి కూర్చోబెట్టారు. వింటుంటే నాకు ఒళ్ళు మండింది. బతికున్నన్నాళ్ళూ వెనకాల ‘గొర్ల ఇంజనీరు’ అని నవ్వుకున్నది కూడా వాళ్ళే. వాడు దేవుడేమీ కాదు. ముక్కు మీద కోపం, నోట్లో ఎప్పుడూ వక్కపలుకు, చెప్పిందే నాలుగుసార్లు చెప్పే చాదస్తం. నల్లగొండ పాలిటెక్నిక్‌లో ఒకే బెంచీ మీద కూర్చున్న రోజు నుంచి ఆ చాదస్తాన్ని భరించినవాణ్ణి నేను. ఇద్దరం ఒకే ఏడాది కరెంటు డిపార్ట్‌మెంటులో చేరాం. తర్వాత ఇంజనీర్లమై, మోత్కూర్ వైపు ఒక సెక్షన్ వాడు, ఆలేరు వైపు ఒక సెక్షన్ నేను చూసుకున్నాం. వాడి గురించి నేను నిజంగా చెప్పవలసింది ఆ సభలో చెప్పలేదు. చెబితే నన్ను అటునుంచి అటే పిచ్చి దవాఖానకు తీసుకుపోయేవాళ్ళు.

వాళ్ళది గొర్లు కాసే కురుమల ఇల్లు. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి గోపమ్మ మందను సాకి కొడుకును చదివించింది. చదువుకునే రోజుల్లో ఒకసారి సెలవులకు వాళ్ళ ఊరికి పోయాను. పొద్దుగూకే వేళ మంద మేత నుంచి తిరిగొచ్చింది. ముళ్ళకంపతో కట్టిన దొడ్డికి ఒక్క గొర్రె పట్టేంత సందు మాత్రం వదిలి, ఆ సందు పక్కన పరశురాములు గొంతుకూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. లోపలికి పోయే ప్రతి గొర్రె వీపు మీదా చెయ్యి వేస్తూ లెక్కపెట్టాడు.

“కండ్లు మూసుకునుడు ఎందుకురా?” అని అడిగాను.

“కండ్లు ఒక్కదాన్నే రెండుసార్లు జూస్తయి. చెయ్యి గట్ల జెయ్యది,” అన్నాడు.

ఆ అలవాటును వాడు ఉద్యోగంలోకీ తెచ్చుకున్నాడు. మా పని తెలియనివాళ్ళకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఆ లైను బంద్ చేయించాలి. దాన్ని ఎల్సీ తీసుకోవడం అంటాం. పని అయ్యాక, తీసుకున్న మనిషే మళ్ళీ ఫోన్ చేసి, అందరూ దిగారని చెప్పి ఎల్సీ వాపసు ఇవ్వాలి. ఇంకొకడు చెబితే, వాడు ఎంత పెద్ద అధికారి అయినా సరే, లైనులోకి కరెంటు వదలరు. పైన ఉన్నవాళ్ళ ప్రాణాలన్నీ ఆ ఒక్క మాట మీదే ఉంటాయి. అందుకని పరశురాములు ఫోన్ చేసే ముందు తన మనుషులు ఆరుగురినీ వరసగా నిలబెట్టేవాడు. కళ్ళు మూసుకుని ఒక్కొక్కరి భుజం తాకుతూ లెక్కపెట్టేవాడు. వరసలో ఎవడో ఒకడు సన్నగా ‘మే’ అని అరిచేవాడు. మిగతావాళ్ళు నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్ళు.

“నవ్వున్రి. మీరు ఇంటికి పోకుంటే మీ ఇంటోళ్ళకు జెప్పాల్సింది నేనే. జర సక్కగ నిలబడున్రి,” అనేవాడు.

వాడి సెక్షన్‌లో ఒక్క మనిషికి కూడా షాక్ తగలలేదు. పోయింది వాడొక్కడే.

రైతులకు రాత్రింబగళ్ళు కరెంటు ఇవ్వడం మొదలైన ఏడాది, వానాకాలం. పత్తి చేలలో తెగిన తీగను కలిపారు. ఆరుగురూ దిగారు. వాడు ఆరు భుజాలూ తాకి, సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి, “అందరు దిగిన్రు బిడ్డా, లైను ఇయ్యి,” అన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని తల ఎత్తితే, సామాన్లు పైకి లాగిన తాడు తీగకు చిక్కుకుని వేలాడుతోంది. వానకు తడిసి బరువెక్కిన తాడు. అలవాటు చొప్పున తనే పోయి పట్టుకుని లాగాడు. అప్పటికే లైనులోకి కరెంటు వచ్చేసింది. పెద్ద లైన్‌మన్ ఐలేశం నోరు తెరిచేలోపలే అంతా అయిపోయింది. అవతల లైను ఇచ్చిన ఆపరేటర్ మల్లీశ్వరి ఆ తర్వాత చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

దినాల నాడు పరశురాములు భార్య పుష్ప నా ముందుకొచ్చి నిలబడింది. “అందరిని లెక్కబెట్టిండు గదన్నా. తనను తాను ఎట్ల మర్సిండు?” అని అడిగింది. పక్కన గోడకు ఆనుకుని కూర్చున్న గోపమ్మే చెప్పింది.

“గొర్లను లెక్కబెట్టేటప్పుడు మమ్ములను మేము ఎన్నడన్న లెక్కబెట్టుకున్నమా బిడ్డా? నేనే గట్ల నేర్పిచ్చిన,” అంది. ఆ మాట అంటూ తన కుడి చేతిని తనే చూసుకుంది.

కొన్నాళ్ళకు పైవాళ్ళను బతిమాలుకుని వాడి సెక్షన్‌కు బదిలీ చేయించుకున్నాను. వాడు తిరిగిన చేలల్లో తిరగాలనిపించింది, అంతే. మొదటి పని ఒక చెరువు కట్ట కింద పడింది. పని అయ్యాక ఐలేశం మెల్లగా నా దగ్గరకొచ్చి, “కండ్లు తెర్సే లెక్కబెట్టున్రి సార్,” అన్నాడు. నాకు అది నచ్చలేదు. వాడి జాగాలోకి వచ్చి వాడి పద్ధతి వదిలేస్తానా? అందరినీ వరసగా నిలబెట్టి, కళ్ళు మూసుకుని, పైకే లెక్కపెడుతూ భుజాలు తాకాను. ఏడు.

కళ్ళు తెరిచాను. ఎదురుగా ఆరుగురే. మళ్ళీ మూసుకుని లెక్కపెట్టాను. మళ్ళీ ఏడు. పట్టపగలు, ఎండ ఫెళ్ళున కాస్తోంది. వాళ్ళంతా నేల చూపులు చూస్తున్నారు.

“మాకు ఎర్కే సార్,” అన్నాడు ఐలేశం. “సారు పోయిన కాన్నుంచి గంతే. నడుమల వచ్చిన సారు గూడ బుగులువడ్డడు. ఒకటి దీసేసి జెప్పున్రి.”

ఆ భుజం చల్లగా, మంచులా ఉంటే దయ్యమనుకుని పారిపోయేవాణ్ణి. అలా ఉండదు. వెచ్చగా, చెమటతో, చొక్కా అతుక్కుని, పని చేసి అలసిన మనిషి భుజంలాగే ఉంటుంది. నన్ను భయపెట్టింది అదే. ఒకసారి దాన్ని గట్టిగా పట్టుకుని కళ్ళు తెరిచాను. నా వేళ్ళు గాలిలో ముడుచుకుని ఉన్నాయి. అరచెయ్యి మాత్రం తడిగా ఉంది. అది నా చెమటే కావచ్చు. కానీ ఆ రోజు అన్నం తినేటప్పుడు ఆ చెయ్యి కడుక్కోవడానికి నాకు మనసు రాలేదు. ఎడమ చేత్తో తిన్నాను. మా ఇంట్లో నాకు మతి పోయిందనుకున్నారు.

మనిషి దేనికైనా అలవాటు పడతాడు. లెక్కపెట్టడం, ఏడు రావడం, లోపల్లోపల ‘ఉన్నవారా నువ్వు?’ అనుకోవడం, ఒకటి తీసేసి మల్లీశ్వరికి ఆరుగురని చెప్పడం. ఏడు వస్తేనే నాకు ధైర్యంగా ఉండేది. పిచ్చి ధైర్యం.

ఆ ఎండాకాలం మిట్టమధ్యాహ్నం దాటాక గాలిదుమారం లేచింది. తాటి మట్టలు విరిగి తీగల మీద పడ్డాయి. నాలుగు ఊళ్ళకు కరెంటు పోయింది. ఎల్సీ తీసుకుని ఆరుగురినీ లైను పొడవునా పంపాను. పని అయ్యేసరికి రెండో దుమారం మొదలైంది. ఎర్రమట్టి లేచి పక్కమనిషి కనిపించడం లేదు. అందరూ ముఖాలకు తువ్వాళ్ళు చుట్టుకుని వచ్చి జీపు పక్కన వరసగా నిలబడ్డారు. అవతల ఊరి చిన్న దవాఖానలో ఒక కాన్పు జరుగుతోందని, లైను ఎప్పుడిస్తారని పైనుంచి ఒకటే ఫోన్లు. దుమ్ములో కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. భుజాలు తాకుతూ పోయాను. ఆరు.

“ఇయ్యాల మొదటిసారికే సరిపోయింది సార్. తువ్వాలు గట్టుకున్న మొకాలను సూసి సారు గూడ భయపడ్డడేమో,” అన్నాడు ఐలేశం. ఒకరిద్దరు నవ్వారు. అందరి ప్రాణాలూ తేలికపడ్డాయి. నేను మాత్రం ఆ ఏడో భుజం కోసం గాలిలో చెయ్యి చాపాను. పోయాడా? ఒక్క మాటైనా చెప్పకుండా పోయాడా?

ఫోన్ చేశాను. మల్లీశ్వరి ఎత్తింది. “చెప్పున్రి సార్. అందరు దిగిన్రా?” అంది. పరశురాములు పోయినప్పటి నుంచి ఆ పిల్ల ఆ మాట రెండుసార్లు అడుగుతుంది.

దిగారు అనబోయాను. మాట పెదవి దాకా వచ్చి ఆగింది. వాడు పోలేదనుకుంటే? వాడు ఎప్పటిలాగే వరసలో నిలబడి ఉంటే, నా చెయ్యి తాకింది ఐదుగురు మనుషులను.

“ఆగమ్మా. స్విచ్చి ముట్టుకోకు,” అన్నాను.

తువ్వాళ్ళు తీయించాను. ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని ముఖం చూశాను. ఐలేశం, సోమన్న, పోచయ్య, సురేశ్, మారయ్య. గిరి లేడు. మళ్ళీ చూశాను. గిరి లేడు. ఐలేశం అప్పటికే తాటిచెట్ల వైపు పరుగు తీశాడు. వాటి అవతల స్తంభం మీద, రెండు చేతులూ తీగ మీదే పెట్టి, గిరి ఊడిపోయిన కట్టు బిగిస్తున్నాడు. తిరిగొస్తూ అది కంటబడితే ఎక్కాడట. సురేశ్‌కు చెప్పే ఎక్కాడట. గాలిలో ఆ మాట సురేశ్‌కు వినబడలేదు.

గిరిని కిందికి దించి జీపు పక్కన కూర్చోబెట్టాం. ఏమి తప్పిందో తెలిశాక ఇంటికి ఫోన్ చేస్తానన్నాడు. పెళ్ళయి ఏడాది కాలేదు వాడికి. నాకు గిరి మీద కోపం రాలేదు. పరశురాములు మీద వచ్చింది. పిచ్చి కోపం. నలుగురూ వింటారని కూడా చూసుకోకుండా తిట్టాను.

“ఏమిరా, లెక్క సరిజేసి పోరణ్ణి సంపుతుంటివి గద. గా వరసల నీకేం పనిరా? నువ్వు సచ్చి ఎన్ని దినాలయిందిరా?”

దుమ్ము కాస్త సద్దుమణిగింది. తిట్టడం అయిపోయాక నాకే తెలిసింది, వాడు ఎవరినీ చంపడానికి రాలేదు. తను పోయిన రోజు అందరు దిగిన్రని వాడు చెప్పిన మాటలో వాడు లేడు. ఎవరైనా తననూ లెక్కలో కలుపుతారని వచ్చి నిలబడుతున్నాడు. నేనేమో ప్రతిసారీ ఒకటి తీసేస్తున్నాను.

మళ్ళీ అందరినీ నిలబెట్టాను. గిరి కూడా జీపు పట్టుకుని లేచి నిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాను. ఒక్కొక్క భుజం మీదా చెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంచి, ముందుకు పోయాను. చివరిది ఏడోది. దాని మీద చెయ్యి తియ్యకుండా రెండో చేత్తో ఫోన్ చేశాను.

“ఏడుగురు దిగిన్రు మల్లీశ్వరీ. లైను ఇయ్యి.”

ఆ పిల్ల ఆరుగురే కదా సార్ అని అడగవలసింది. అడగలేదు. “ఏడుగురా సార్?” అంది చాలా మెల్లగా.

“ఏడుగురు బిడ్డా. అందరు దిగిన్రు.”

“సరే సార్,” అంది. ఏడుస్తోందని తెలిసింది.

కరెంటు వచ్చింది. దూరంగా ఎవరి బాయి కాడో మోటారు మొదలైన చప్పుడు వినిపించింది. నా అరచెయ్యి కింద ఏమీ లేదు. చెయ్యి అటూ ఇటూ తిప్పి వెతికాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, చీకట్లో గోడ తడుముకునే గుడ్డివాడిలా వెతికాను. వాళ్ళు కదలబోతే కదలనివ్వలేదు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. ఆరు. ఇంకోసారి పెట్టాను.

“సరిపోయింది గద సార్. పోదాం పాండ్రి,” అన్నాడు ఐలేశం.

సరిపోయింది. ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా ఎప్పుడు లెక్కపెట్టినా సరిపోతూనే ఉంది. ఏడుగురన్న ఆ మాట చెప్పకుండా ఉంటే వాడు ఇంకొన్నాళ్ళు నాతో ఉండేవాడు.