గుడ్డ కప్పిన బుట్ట

నేను అందుకునేసరికి గిన్నె అడుగున ఇంకా కాస్త వెచ్చదనం మిగిలే ఉంది. దీపాలు పెట్టే వేళ మా కిటికీ గట్టు మీద ఎవరో పెట్టి వెళ్లారు. మూత తీస్తే సగ్గుబియ్యం జావ, ఏలకుల వాసన. మూడు రోజుల జ్వరంలో నీళ్లు తప్ప ఏమీ ముట్టని నా బిడ్డ నాలుగు చెంచాలు తాగి నిద్రపోయాడు. విజయవాడలో మేమున్న ఈ లోగిలిలో నాలుగు వాటాలు. పెట్టింది ఎవరో తెలియదు. మా ఆయన ఇబ్రహీంపట్నంలో కొత్తగా కడుతున్న కరెంటు కేంద్రంలో రాత్రి డ్యూటీకి వెళ్లారు. మాటిమాటికీ పిల్లవాడి నుదురు తాకి చూసుకుంటూ ఇది రాస్తున్నాను. ఆ ఏలకుల ఆవిరి నన్ను ఎనిమిదేళ్లు వెనక్కి, ఉయ్యూరు దగ్గర మా ఊరికి, చెరుకురసం కాగే వాసనలో మగతగా తేలే ఆదివారాలకు, సలోమమ్మగారి దగ్గరకు తీసుకుపోయింది.

ఆమె మా సంఘంలో బైబిలు స్త్రీ. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లతో కూర్చుని ప్రార్థన చేసేవారు. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. మా ఇళ్లల్లో ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుడి పేరిట పక్కన పెట్టేవారు. ఆదివారం ఆ బియ్యం చర్చికి తెచ్చేవారు. కానుకల పాట మొదలవగానే సలోమమ్మగారు వెదురుబుట్ట పట్టుకుని గుమ్మం పక్కన నిలబడేవారు. బుట్ట మీద తెల్లగుడ్డ. ఒక్కొక్కరే వచ్చి గుడ్డ కిందకు చెయ్యి పోనిచ్చి వెళ్లేవారు. ఆమె కళ్లు మూసుకుని పాడుతూ ఉండేవారు. కిటికీలోంచి పడే ఎండలో బియ్యపు తవుడు సన్నటి పొగలా లేచి, ఆమె నెరిసిన జుట్టు మీద వాలేది.

బి.ఏ. పాసై ఊరికి వచ్చిన కొత్తలో నాకు ఆ పద్ధతి నచ్చలేదు. ఎవరు ఎంత తెచ్చారో తెలియదు, ఎవరికీ కృతజ్ఞత చెప్పేది లేదు. నేనే ఇంటికొక సంచి కుట్టి, చెరగని సిరాతో పేర్లు రాసి పంచాను. ఆరాధన చివర ముందు నిలబడి, సంచులు తెచ్చినవారి పేర్లు చదివేదాన్ని. రహస్యంగా ఇవ్వమని ప్రభువు చెప్పిన మాటలు ఒప్పజెప్పి ఆదివారం బడిలో బహుమతి తెచ్చుకున్నదాన్ని కూడా నేనే! మొదటి వారమే బియ్యం రెండింతలైంది. "మా సంచి ఇంకాస్త పెద్దది కుట్టవే అమ్మాయ్, మా వదిన సంచి ముందు చిన్నబోతంది," అని ఒకావిడ నవ్వింది. సలోమమ్మగారు మాత్రం ఖాళీ బుట్టను గోడవార బోర్లించారు.

మూడో వారం కరుణమ్మ రాలేదు. చెరుకు కొట్టుడు పనికి వెళ్లే మనిషి, భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలు. నాలుగో వారమూ రాలేదు. "నాతో రా," అన్నారు సలోమమ్మగారు. కాలవగట్టున నడిచి వెళ్లాం. పూతకొచ్చిన చెరుకుతోటలు వెండిరంగులో ఊగుతున్నాయి. కరుణమ్మ ఇంట్లో పొయ్యి చల్లగా ఉంది. మధ్యాహ్నం దాటినా పిల్లలు మంచం మీద ముడుచుకుని పడుకున్నారు. గోడకున్న మేకుకు నేనిచ్చిన సంచి, ఉతికి మడతపెట్టి, వేలాడుతోంది.

"నా పేరు ముత్యాల్లాగా రాశారండీ అమ్మాయిగారూ," అంది కరుణమ్మ. "అందులో ఏం పోసి తేవాలో తెలవక రాలేదు."

సలోమమ్మగారు అన్నారు: "ఈ ఆదివారం నించి సంచుల్లేవు కరుణా. పాత బుట్టే."

తిరిగి వస్తూ అడిగాను. "మరి ఇదివరకు ఆవిడ ఏం పోసేది పెద్దమ్మా?"

"నేనెక్కడ చూశానే? కళ్లు మూసుకునేదాన్నిగా." కొంచెం దూరం నడిచాక మళ్లీ అన్నారు. "గుడ్డ కిందకి మూసిన చెయ్యి పోయి ఖాళీగా రావచ్చు. ఖాళీ చెయ్యి పోయి మూసుకుని రావచ్చు. అది వాళ్లకీ దేవుడికీ మధ్య సంగతి."

అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. ఆ పిల్లల నోటి దగ్గర కూడు నా అందమైన చేతిరాత లాగేసింది. ఏడుస్తూ, ఆదివారం అందరి ముందూ క్షమాపణ అడుగుతానన్నాను.

"అప్పుడు మాత్రం? నీ పేరు, కరుణ పేరే కదటే వినపడేది? ఊరుకుని బుట్ట పట్టుకో."

ఆ ఆదివారం బుట్ట నేను పట్టుకున్నాను. కళ్లు గట్టిగా మూసుకున్నాను. పాటలో ఎన్నో చరణమో గుర్తులేదు. బియ్యం జారిన చప్పుడు, చీరల గరగర, మణికట్టు మీద కొంచెం కొంచెంగా పెరిగే బరువు. కరుణమ్మ వస్తుందా రాదా అన్నదే నా ప్రార్థన. ఉన్నట్టుండి ఒక్కసారి బుట్ట తేలికైంది. పిడికెడే. నా రెప్పలు అదిరాయి గాని తెరవలేదు. మెల్లగా వెళ్లిపోతున్న వట్టి పాదాల చప్పుడు వెంట లేత పాదాల చప్పుడు వినబడింది.

"ఎవరెవరొచ్చారే?" అని తర్వాత అడిగారు సలోమమ్మగారు.

"చూళ్లేదు పెద్దమ్మా."

ఆమె బుట్ట అందుకుని, గుడ్డ దులిపి మడతపెట్టారు. మెచ్చుకోలేదు. ఆ తర్వాత ఆ మాటే ఎత్తలేదు.

నా పెళ్లయిన మరుసటేడు ఆమె పోయారు. ఆమె గురించి సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు అడిగితే ఒక్కొక్కరూ లేచి, ఏదో అనబోయి, కన్నీళ్లతో కూర్చున్నారు. ఆమె ఇచ్చింది చెప్పాలంటే తాము తీసుకున్నది చెప్పాలి. ఆ చర్చిలో అంత నిండైన మౌనం నేను మళ్లీ ఎన్నడూ వినలేదు.

ఇందాక గిన్నె కడుగుతుంటే అడుగున చెక్కించిన పేరు తాలూకు అక్షరాలు వేళ్లకు గరుకుగా తగిలాయి. తిప్పి చూస్తే చాలు, రేపు పొద్దున్నే వెళ్లి చేతులు పట్టుకోవచ్చు. నాకు ఆ ఆత్రం ఇంకా పోలేదు. కానీ జావ పెట్టినావిడ తన పేరు చెప్పదలిస్తే తలుపు తట్టే ఉండేది. గిన్నె తుడిచి, ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని పిడికెడు బియ్యం పోసి, పైన పిల్లవాడి తెల్ల జేబురుమాలు కప్పి, మళ్లీ కిటికీ గట్టు మీదే పెట్టాను. తెల్లవారి అటు అడుగుల చప్పుడు వినిపిస్తే కళ్లు మూసుకుంటాను.