చేతులు బాగున్న రోజు కలిపిన పిండి

బ్రెడ్డక్క అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. మొగుడు పోతూ పోతూ ఆమెకు ఒక ఓవెన్నీ, ఒక అత్తగారినీ అప్పజెప్పి పోయాడు. రెండూ వేడి సరుకేనని అక్కే నవ్వేది. ఇప్పుడు ఆ నవ్వూ లేదు. కీళ్ళవాతం వచ్చి చేతివేళ్ళు కొయ్యబారిపోయాయి. జీతానికి మనిషిని పెట్టుకునే తాహతు లేదు, పిండి కలిపే మెషీన్ మాట సరేసరి. బ్రెడ్డు కొట్టు మూసేస్తే అత్తాకోడళ్ళిద్దరికీ నాలుగు వేళ్ళూ నోట్లోకి వెళ్ళవు.

అందుకే ఒక ఉపాయం పన్నింది. వేళ్ళు కాస్త మాట విన్న రోజున ఎక్కువ పిండి కలిపి, ముద్దలు చేసి ఫ్రీజర్‌లో పడేయడం, తర్వాత రోజూ కొన్ని తీసి కాల్చుకోవడం. ఉపాయం భేషుగ్గానే ఉంది, పిండికే నచ్చలేదు. లోపల పెరిగిన మంచు పలుకులు దాని సాగుడంతా కోసిపారేసేవి. ఓవెన్‌లో పెడితే ముద్ద పొంగక చతికిలబడేది. మైదా కొంత తగ్గించి బంగాళాదుంప పిండి కలిపింది. లాభం లేదు. కర్రపెండలం పిండి వేసింది, అవిసె గింజలు నానబెట్టి ఆ జిగురూ పోసింది. జిగురు నీటిని పట్టి ఉంచితే మంచు పలుకులు పెరగవని ఆశ. అయినా వచ్చింది అట్టముక్కే! కోపం ఎవరి మీద చూపించాలో తెలియక ఓవెన్‌ని ఒక్క తన్ను తన్నింది. కాలు నొప్పెట్టడం తప్ప ఏమీ ఒరగలేదు.

ఒకరోజు ఫ్రీజర్ అడుగున మంచులో అతుక్కుపోయిన ముద్దనొకదాన్ని చాకుతో పెకలించి తీసింది. అదీ అవిసె జిగురు వేసిన వాయిలోదే. కాలిస్తే, అబ్బ, ఎంత బాగా పొంగిందని! మరి మిగతావాటికేం రోగం?

తలుపు దగ్గర నిలబడ్డ అత్తగారు నసిగింది. "దాన్నొక్కదాన్నే బయటికి తియ్యలేకపోయానే. అతుక్కుపోయింది."

"బయటికి తియ్యడమేంటత్తయ్యా?"

"మధ్యాహ్నం నువ్వు కునుకు తీసినప్పుడు ముద్దలన్నీ కాసేపు ఎండలో పెట్టేదాన్ని. అంత చలికి ఈస్ట్ చచ్చిపోతుందేమోనని భయమేసిందే. మెత్తబడ్డాక మళ్ళీ లోపల పెట్టేసేదాన్ని."

జిగురు పనిచేస్తూనే ఉంది, కరిగి మళ్ళీ గడ్డకట్టినప్పుడల్లా మంచు పలుకులు పెరిగేవన్నమాట! అక్కకు ఒళ్ళు మండిపోయింది. తిడదామని నోరు తెరిచేసరికి ముసలావిడ కళ్ళనిండా నీళ్ళు.

"పోన్లే తల్లీ, కిటుకు దొరికిందిగా. ఇక ఆ ఫ్రీజర్ జోలికే వెళ్ళను, ఒట్టు. రేపే మళ్ళీ కలుపు."

అక్క పిడికిలి బిగించబోయింది. వేళ్ళు ముడుచుకోలేదు. ఆ వాయి కలిపాక అవి మాట విన్న రోజు మళ్ళీ రానేలేదు.

"ఏ చేతులతో కలపనత్తయ్యా?" అంది.