మూడు వారాలైనా ఆరని తాత

చదివిన విద్య చదివినట్టే చేతికి దిగుతుందని నమ్మిన వయసొకటి నాకూ ఉండేది. ఆదోని గ్రంథాలయంలో ఓ మూల తైలవర్ణ చిత్రాల పుస్తకం దొరికింది. (నాకంటే ముందు దాన్ని తెరిచినవి చెదలే.) రెండుసార్లు చదివి, మా అవ్వకు తాత బొమ్మ వేసిస్తానని మాటిచ్చేశాను. తాత ఇరవై ఎనిమిదేళ్లకే జ్వరంతో పోయాడు. అప్పటికి మా నాన్న కడుపులోనే ఉన్నాడు. తాతది ఒక్క ఫోటో కూడా లేదు. అవ్వేమో ఎమ్మిగనూరులో మా మేనత్త ఇంట్లో కంటి ఆపరేషనుకు సిద్ధమవుతోంది.

"కట్టు ఇప్పినాక మొదట ఆయన్నే సూస్తానప్పా" అంది.

"మీసం యట్లుండె అవ్వా?"

"మీ నాయన మాదిరే... కాదు, ఇంగా పొడుగు. కాదుకాదు." "యాభై ఏండ్లాయె. మొగం జారిపోతాంది నాయనా. అందుకే కదా నిన్నడిగేది."

రంగుపొడిని ఏ నూనెలో నూరాలో చెప్పే చోటే పేజీని చెదలు తినేశాయి. అవి తిన్నంత మేరా నా తెలివితో పూడ్చాను. మా వైపు నూనె అంటే వేరుశనగ నూనె. అంతకంటే మేలైనది లోకంలో ఉంటుందని నాకు తోచలేదు. "పండక్కి పెట్టుకున్న నూనెరా అది!" అని అమ్మ అరుస్తున్నా గిన్నెడు ఎత్తుకుపోయాను. నాన్న ముక్కు, అత్త కళ్లు, నాకు నచ్చిన మీసం పెట్టి తాతను తయారుచేశాను. మూడు వారాలైనా తాత ఆరలేదు. ఎండలో పెడితే ఇంకా నిగనిగలాడాడు. మా ఇల్లు జిన్నింగు మిల్లు వెనకాలే, పైగా పత్తి కాలం. గాలికి లేచిన దూదంతా వచ్చి తాత తలమీదా మీసంమీదా వాలింది. పీకితే మీసమే ఊడొస్తోంది. ఇంతలో కట్టు విప్పే రోజు రానే వచ్చింది.

గుడ్డ కప్పితే అంటుకుంటుందని బొమ్మను రెండు చేతులా ఎత్తి పట్టుకుని బస్సెక్కాను. "కూసోప్పా, జనం దండాలు పెడతాండారు" అన్నాడు కండక్టరు. నాకు నవ్వు రాలేదు. అవ్వకున్న ఒక్క ఆశనూ నా చేతులతో పాడుచేసి తీసుకెళ్తున్నాను. గుమ్మంలోనే అత్త అడ్డుపడింది. "ఇదేందిరా, మా నాయనకు బూజు పట్టిచ్చినావు! మా యమ్మకు సూపియ్యద్దు" అంది. కానీ లోపలినుంచి అవ్వ అప్పటికే పిలుస్తోంది: "తెచ్చినావా అప్పా?"

కట్టు విప్పిన కంటితో అవ్వ బొమ్మను చాలాసేపు చూసింది. వేలితో తాత తల నిమిరింది. వేలికి దూదీ, నల్లరంగూ అంటుకున్నాయి.

"ఈయనా ముసలోడైనాడే" అంది మెల్లగా. "నేనొక్కదాన్నే అయితినని యాడిస్తి ఇన్నేండ్లు."

నూనె సంగతీ, పత్తి సంగతీ వివరంగా చెప్పడానికి నా నోరు తెరుచుకుంది. మళ్లీ మూసుకున్నాను.

మరుసటేడే అవ్వ పోయింది. వాడాల్సింది అవిసె నూనె అని తర్వాత వేరే పుస్తకంలో చదివాను. తుడిచి కొత్తగా వేయమని అత్త ఇప్పటికీ పోరుతుంది. నాకు చేయి రాదు. తెలిసినదానికీ తెలియనిదానికీ ఉపన్యాసాలిచ్చిన ఆనాటి కుర్రవాణ్ని తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ ఒక్క పూట నోరు మూసుకున్నాడు కాబట్టి, వాణ్ని కాస్త మన్నించగలుగుతున్నాను.