నోరు మూసుకుని తినమనే అమ్మ

మా చిన్నప్పుడు పెడనలో నేనూ తమ్ముడూ అన్నానికి కూర్చుంటే ముందు వినిపించేది అమ్మ గొంతే... "నోరు మూసుకుని తినవే! ఆ చప్పుడేంటి?"

నోరు మూస్తే నాకు ఊపిరాడేది కాదు. ఆ సంగతి చెప్పాలని కూడా తెలియదు... అందరికీ అంతేననుకునేదాన్ని. పడుకున్నా నోరు తెరిచే... పైగా గురక. చుట్టాల ముందు అమ్మకి నామోషీ. ఓసారి పెళ్ళి పంక్తిలో అందరూ చూస్తుండగా నా మూతి మీద ఒక్కటేసింది.

అమ్మమ్మ వాము వేయించి, గుడ్డలో మూటకట్టి ముక్కు దగ్గర పెట్టేది. కాసేపు హాయి... మళ్ళీ మామూలే.

ఆఖరికి నాన్న ఓ రోజు బట్టల అద్దకం పని మానుకుని మమ్మల్ని బందరు తీసుకెళ్ళారు. డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, "ముక్కు వెనకాల కండ పెరిగిందమ్మా. ఆపరేషన్ చేసి తీసెయ్యాలి. పాప నోటితో కాక ఇంక దేనితో పీలుస్తుంది?" అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అమ్మ నా మూతిని కొంగుతో తుడుస్తూనే ఉంది... అక్కడ తుడవడానికి ఏమీ లేదు.

ఆపరేషనయ్యాక నర్సమ్మగారు చెప్పారు. "తలకింద ఎత్తు పెట్టండి. చల్లటివే ఇవ్వండి. ముక్కు చీదనివ్వకండి. మాటిమాటికీ గుటకలేస్తుంటే మాత్రం పిలవండి, లోపల రక్తం కారుతుందేమో చూడాలి."

అంతే... అమ్మ నా గొంతు మీంచి చూపు తిప్పలేదు. నేను రెండు గుటకలు వేశానో లేదో, చెప్పుల్లేకుండా వరండాలోకి పరుగెత్తింది.

నర్సమ్మగారు టార్చి వేసి చూసి నవ్వారు. "ఏం లేదండీ, ఉమ్మి మింగుతోంది."

అమ్మ మాత్రం భోరుమంది. "ఊపిరి పీల్చుకుంటుంటే కొట్టానండీ దాన్ని..."

"తెలీక కదమ్మా."

"తెలుసుకోవాల్సింది నేనే కదండీ!"

నా ముక్కు బాగైపోయింది. కానీ ఆ తర్వాత అమ్మ నన్ను గట్టిగా ఒక్క మాటా అనలేదు. లెక్కల్లో తప్పినా, తమ్ముణ్ణి గిల్లినా... తిట్లన్నీ వాడికే. నేను కావాలని అల్లరి చేసినా, నా వంక చూసి ఊరుకునేది. అమ్మ తిడితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో...

ఇప్పుడు పిల్లలు కాస్త గురక పెడితే చాలు, ఫోన్లో వెతికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాం. మంచిదే. అప్పుడు మా అమ్మకి చెప్పేవాళ్ళెవరు?

మీ ఇళ్ళలోనూ ఇలా తెలియక వేసిన దెబ్బలుంటే రాయండి... అమ్మకి చదివి వినిపిస్తాను. తనొక్కతే కాదని తెలుస్తుంది.